వయసు గడిలో మరక

రికార్డు సెక్షన్‌లో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి రోజే ఒక మాట చెబుతారు. "ఇక్కడ పెద్దగా పనుండదండీ, ప్రశాంతంగా ఉంటుంది" అని. నాకూ అలాగే చెప్పారు. మావారు పోయాక కారుణ్య నియామకం కింద వచ్చిన ఉద్యోగం నాది. ఇంకా ఏడుపు మొహంతో ఉన్న మనిషిని జనం మధ్య ఎందుకనుకున్నారో ఏమో, రెవెన్యూ ఆఫీసు వెనకాల ఉన్న రికార్డు రూములో కూర్చోబెట్టారు. ఇరవై తొమ్మిదేళ్ళు అక్కడే కూర్చున్నాను. మధ్యలో రెండుసార్లు వేరే సెక్షన్‌కి మార్చారు. రెండుసార్లూ ఆరు నెలలు తిరక్కుండానే వెనక్కి పంపారు, ఏ కట్ట ఎక్కడుందో ఇంకెవరికీ తెలియదని.

రిటైరై రెండేళ్ళు కావస్తోంది. దుమ్ముతో వచ్చిన దగ్గు కూడా నాతోపాటు రిటైరవుతుందనుకున్నాను. కాలేదు. ఇప్పుడు ఆ రికార్డులన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లో పెడుతున్నారట. మా తాత ఎవరు, ముత్తవ్వ ఏ ఊరిది అని వెతుక్కునేవాళ్ళు కూడా ఈమధ్య పెరిగారు. అలా వెతుక్కునేవాళ్ళకీ, వాళ్ళకి వెతికిపెట్టే కొత్త ఉద్యోగులకీ పనికొస్తుందేమోనని, నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. గొప్పలు రాసుకోవడానికి నా దగ్గర ఎక్కువ లేవు. ఇందులో ఉన్న మనుషులు ఇంకా ఉన్నారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు.

రిటైర్మెంటుకి ఏడాదిన్నర ముందు, మామిడి పూత మీదున్న రోజుల్లో, ఆగిరిపల్లి వైపు నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. తల్లీ కూతుళ్ళు. ఇద్దరూ తోటల్లో కూలి పని చేసేవాళ్ళే. ఏళ్ళ తరబడి కాయ సొన తగిలి వేళ్ళ మీద చర్మం నల్లగా మచ్చలు కట్టి ఉంది. కూతురికి యాభై దాటి ఉంటాయి. తల్లికి ఆధార్ కార్డులో వయసు పదేళ్ళు తక్కువ పడిందట. పుట్టిన ఎంట్రీ ఏమైనా ఉంటే ఇప్పించమని కూతురు అడిగింది.

ఆ రోజుల్లో ఊళ్ళో పుట్టినవాళ్ళనీ పోయినవాళ్ళనీ గ్రామ మునసబు ఒక పుస్తకంలో రాసేవాడు. ఆ పుస్తకాలు చివరికి మా దగ్గరికి చేరేవి. కూలివాళ్ళ ఇళ్ళలో పుట్టుకలు చాలావరకు రాసేవారే కాదు. ఈమెది మాత్రం రాశారు. తండ్రి పేరు, తల్లి పేరు, తేదీ అన్నీ ఉన్నాయి. గంటలో దొరికింది. స్వాతంత్ర్యం రావడానికి నాలుగైదేళ్ళ ముందు పుట్టింది. నకలు రాసిచ్చి, ఇక వెళ్ళొచ్చమ్మా అన్నాను.

కూతురు లేచింది. తల్లి బెంచీ మీద నుంచి కదల్లేదు.

"అమ్మగారూ, సచ్చిపోయినోళ్ళ పేర్లు కూడా మీ కాడ ఉంటయ్యా?"

"రాసి ఉంటే ఉంటాయమ్మా. ఎవరి పేరు?"

"మా అమ్మది."

కూతురు ఆమె భుజం పట్టుకుంది. "ఊరుకోవే అమ్మా. ఆమెకేం పని లేదనుకున్నావా?"

"పర్వాలేదు, చెప్పనివ్వండి" అన్నాను. ఆ రోజు నిజంగానే నాకు వేరే పని లేదు.

ఆమె చెప్పిందంతా ఇంతే. తనకి మూడేళ్ళప్పుడు వాళ్ళమ్మ జి. కొండూరు వైపు కాయకోతకి వెళ్ళొస్తానని చెప్పి బయల్దేరింది. మళ్ళీ రాలేదు. వాళ్ళమ్మకి అప్పటికి పాతికేళ్ళు దాటి ఉంటాయట.

"ఎవరూ వెతకలేదా?"

"ఎవరెతుకుతారండీ? లేచిపోయిందన్నారు, అంతే. ఎవరో ఇస్సన్నపేట సంతలో కనపడిందని చెప్తే మా నాయనమ్మ చీపురు పుచ్చుకుని ఆళ్ళ ఎంటపడిందంట. ఇక ఆమె ఊసు ఎత్తినోళ్ళు లేరు. నన్ను మాత్రం లేచిపోయినదాని కూతురనేవోళ్ళు. ఆ మాట మీదే నాకు మూడు సంబంధాలు పోయినయ్యి. దీని పెళ్ళప్పుడు కూడా ఎవడో ఎత్తాడు. అమ్మ ఎళ్ళిపోయిన ఏడు ఊళ్ళల్లో వాంతిభేది వచ్చిందంటారు. దారిలో దాంతో పోయిందేమో, ఎక్కడన్నా రాసుందేమో చూస్తారని. తల్లి సచ్చిపోయుంటే బాగుండని ఎవరన్నా అనుకుంటారా అమ్మగారూ? నేను ఇన్నేళ్ళూ అదే అనుకున్నా."

చూస్తానన్నాను.

నిజానికి ఆ పని నా డ్యూటీ కాదు. చిరునామా లేదు, చచ్చిపోయిన తేదీ లేదు, అసలు చచ్చిపోయిందో లేదో తెలియదు. కానీ రికార్డు రూములో ఇరవై ఎనిమిదేళ్ళుగా సరిహద్దు తగాదాల కాగితాలూ వారసత్వం తగాదాల కాగితాలూ తీసిచ్చి విసిగిపోయి ఉన్నాను. ఒక కాగితం తీసిస్తే ఒక మనిషి మనసు కుదుటపడుతుందంటే, నాకే అది కావాలనిపించింది. తప్పుకి మొదలు అక్కడే. ఏం దొరకాలో ముందే అనుకుని వెతికినవాళ్ళకి అదే దొరుకుతుంది.

నాతోపాటు పనిచేసే అటెండరు నాకన్నా రెండేళ్ళు చిన్న. మాట తక్కువ మనిషి. నిచ్చెన ఎక్కి పై అరలోని కట్టలు దించడం, చెదలు పట్టిన అట్టలు దులపడం, తెలుగు అంకెలు చదవడం, మూడూ అతనికి నాకన్నా బాగా వచ్చు. మేమిద్దరం జి. కొండూరు దారిలో ఉన్న ఊళ్ళ పుస్తకాలు ఒక్కొక్కటే తీశాం. మూడో వారంలో ఒక ఊరి మరణాల పుస్తకంలో ఆ పేరు కనిపించింది. సరిగ్గా ఆ ఏడే. ఎండాకాలం. వృత్తి కూలి. కారణం వాంతిభేది. "తండ్రి లేక భర్త" అన్న గడిలో ఉన్న పేరు, నేను తీసిచ్చిన పుట్టుక ఎంట్రీలో పెద్దావిడ తండ్రి పేరే. వయసు ఇరవై ఎనిమిది.

"దొరికిందయ్యా!" అన్నాను. అటెండరు కళ్ళజోడు పైకి జరిపి కాగితం మీదకి వంగాడు.

"వయసు కాడ ఏదో మరకలాగుంది మేడమ్. ఓసారి చూసుకోండి."

"మరకేంటయ్యా, అది రెండు. పక్కన ఎనిమిది. బాగా చూడు."

"మీరు చదివారుగా, సరేలెండి" అన్నాడు.

ఆ పేజీ తరవాతి పేజీకి అంటుకుపోయి ఉంది. తడి గుడ్డ పెట్టి జాగ్రత్తగా విడదీస్తే వచ్చేది. మనకి కావలసింది దొరికాక ఆ పక్క పేజీతో పనేముందనుకున్నాను. నకలు రాసి, సంతకం పెట్టి, డిప్యూటీ తహసీల్దారు (డి.టి.) గారితో స్టాంపు వేయించాను.

ఆమెకి ఆ కాగితం మూడుసార్లు చదివి వినిపించాల్సి వచ్చింది. మూడోసారి చదివాక "అయితే లేచిపోలేదన్నమాట" అంది. ఏడవలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టబోతే కూతురు ఆపింది. వీధిలోకి వెళ్ళి లామినేషన్ చేయించుకొచ్చారు. పోతూ పోతూ ఆమె నా చేయి పట్టుకుని గట్టిగా నొక్కి వదిలేసింది.

ఉగాది వెళ్ళాక కూతురు ఒక్కతే వచ్చి పచ్చికాయలు ఇచ్చి వెళ్ళింది. వాళ్ళ ఇళ్ళలో ఉగాదికి పోయిన పెద్దల పేరున ఆకు వేసి వడ్డించి, బట్టలు పెట్టుకుంటారట.

"ఈ ఏడు మా అమ్మమ్మకి చీర పెట్టిందండీ అమ్మ. ఆరు గజాలది, జరీ అంచుది. వీధిలో అందర్నీ పిలిచి భోజనం పెట్టింది. కాయితం అందరికీ చూపించింది. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఆమె పేరు మీద అన్నం ముద్ద కూడా పెట్టలేదండీ."

ఆ మాట విన్న రోజు నేను ఇంటికి నడిచి వెళ్ళాను. ఉద్యోగంలో అంత తేలిగ్గా ఇంటికి వెళ్ళిన రోజు ఇంకోటి నాకు గుర్తు లేదు.

ఆ ఏడాది చివర్లో పాత రికార్డులు స్కాన్ చేయడానికి ఒక ఏజెన్సీ వాళ్ళు వచ్చారు. అద్దం కింద లైటు వెలిగే మిషను. దాని ముందు డిగ్రీ చదివిన ఒక అమ్మాయి కూర్చునేది. అంటుకుపోయిన పేజీలు విడదీసి ఇవ్వడం మా పని. ఆ ఊరి మరణాల పుస్తకం వంతు వచ్చింది. ఈసారి ఆ పేజీని కూడా విడదీశాం. అమ్మాయి దాన్ని అద్దం మీద పెట్టి లైటు వేసి, "మేడమ్, వెనక వైపు సిరా ఇటు దిగింది. ఇక్కడ ఇంకో అంకె ఉన్నట్టు కనపడుతోంది గానీ లేదు. వెనక అంకె తిరగబడి కనపడుతోంది" అంది.

"ఏ గడిలో?" అని అడిగాను. అడిగేటప్పటికే తెలిసిపోయింది.

"వయసులో. తెలుగు అంకెలు నాకు రావు మేడమ్. ఇది ఎంత?"

అటెండరు చూసి చెప్పాడు. "ఎనిమిది."

విడదీసిన పక్క పేజీ మీద మొదటి ఎంట్రీ రెండు రోజుల తరవాతది. "సదరు వాని రెండవ కుమార్తె, వయస్సు ఐదు, వాంతిభేది." అంటే ముందు పోయింది ఆ ఇంటి పెద్ద కూతురు. ఆ గడిలో ఉన్నది భర్త పేరు కాదు, తండ్రి పేరు. ఆ తండ్రి ఎవరో వేరే మనిషి. ఆ పేర్లు రెండూ మా వైపు వీధికి నలుగురికి ఉండేవి.

ఒక్క పేజీ తిప్పి ఉంటే సరిపోయేది. అటెండరు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. "నేను అప్పుడే అన్నాను" అని అనలేదు. ఇరవై ఏళ్ళలో అతని దగ్గర నేను నేర్చుకోలేకపోయిన గుణం అది.

డి.టి. గారికి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, అలిసిపోయిన మనిషి. ఫైలు మీద నుంచి తల ఎత్తకుండా విన్నాడు.

"ఎవరన్నా కంప్లయింట్ ఇచ్చారా?"

"లేదండీ."

"ఆస్తి గొడవ ఏమన్నా ఉందా?"

"లేదండీ."

"మరెందుకు మేడమ్? ఏడెనిమిది నెలల్లో రిటైరవుతున్నారు. మీరే తప్పు రాశానని నోటు పెడితే మీకే మెమో ఇవ్వాల్సి వస్తుంది. పెద్దావిడ సంతోషంగా ఉంది. ఉండనివ్వండి."

సరేనన్నాను. నెల రోజులు సరేననే ఉన్నాను. ఆ తరవాత ఏం చేశానంటే, నేను వదిలేసిన మాట దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. విస్సన్నపేట సంతలో ఎవరో చూశారన్నారు కదా. పుకారులే అని నేను దాన్ని కాగితం మీద కూడా రాసుకోలేదు. మునసబు రాసింది నిజమనీ, సంతకి వెళ్ళినవాళ్ళు చెప్పింది పుకారనీ ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. అలవాటు, అంతే.

"ఇళ్ళ స్థలాల కట్టలు ఉన్నయ్యి మేడమ్" అన్నాడు అటెండరు. ఇల్లు లేని కూలివాళ్ళకి స్థలాలు పట్టా ఇచ్చిన రోజుల్లో ప్రతి దరఖాస్తుదారు దగ్గరా రెవెన్యూ ఇన్‌స్పెక్టరు స్టేట్‌మెంట్ రాసుకునేవాడు. విస్సన్నపేట వైపు ఊళ్ళ కట్టలు కొన్ని మా దగ్గరే ఉండిపోయాయి. రోజూ మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక అరగంట చొప్పున చూశాం. దాదాపు రెండు నెలలు పట్టింది.

ఆ తల్లి పేరు మీద దొరికిన కాగితం ఒకటే. స్టేట్‌మెంట్‌లో సగం పేజీ. "నేను కూలి పని చేసుకొని బ్రతుకుచున్నాను. నాకు సొంత ఇల్లు గాని స్థలము గాని లేవు. నా స్వగ్రామము..." అని ఆగిరిపల్లి దగ్గర వాళ్ళ ఊరి పేరు. భర్త గడి ఖాళీ. కింద కుటుంబ సభ్యుల జాబితా. ఒకటో నంబరు తను. రెండో నంబరు కూతురు. కూతురి పేరు మన పెద్దావిడదే, వయస్సు ముప్పై నాలుగు, ఉండేది స్వగ్రామంలో. ఆ రెండో లైను మీద ఇన్‌స్పెక్టరు ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేశాడు. పక్కన "స్థానికముగా నివాసము లేదు" అని రాశాడు. కింద వేలిముద్ర.

ఆమె పుట్టుక ఎంట్రీ నేనే తీసిచ్చాను కాబట్టి లెక్క కట్టి చూశాను. ఆ కాగితం నాటికి కూతురి వయసు ముప్పై నాలుగే. ఒక్క ఏడాది కూడా తేడా లేదు.

పట్టా ఇచ్చారో లేదో తెలియదు, ఫైలులో మిగతా కాగితాలు లేవు. ఆవిడ ఎప్పుడు పోయిందో కూడా దొరకలేదు. ఒక ఆదివారం అటెండరు తనంతట తనే మోపెడ్ వేసుకుని వెళ్ళి ఆ వీధిలో అడిగి వచ్చాడు. గుర్తున్నవాళ్ళు ఎవరూ లేరట.

ఇదంతా తేలేసరికి మళ్ళీ ఉగాది వచ్చింది. ఆమె రెండో చీర కొని ఉంటుందని నాకు తెలుసు. అయినా పండగ వెళ్ళనిచ్చాను. ఆవిడ సంతోషం చెడగొట్టడం ఎందుకని ఆగానని అప్పుడు అనుకున్నాను. మొహం చెల్లక ఆగాను. తరవాత వెళ్ళింది కూడా ఆవిడ మేలు కోరి కాదు. స్కాన్ చేసినవన్నీ రేపు ఎవరైనా చూడొచ్చు. ఆ నకలు మీద నా సంతకం ఉంది. ఇక మోయలేక వెళ్ళాను.

మే నెలలో ఒక పొద్దున అటెండరు మోపెడ్ వెనక కూర్చుని ఆగిరిపల్లి వైపు బయల్దేరాను. ఇంటికి తాళం వేసి ఉంది. తోటలో కోత జరుగుతోందని పక్కింటివాళ్ళు చెబితే అక్కడికి వెళ్ళాం. చెట్ల మీద మగవాళ్ళు గెడలకి కట్టిన చిక్కాలతో కాయ కోస్తున్నారు. కింద ఆడవాళ్ళు కాయలు ఏరి ప్లాస్టిక్ ట్రేలలో సర్దుతున్నారు. కౌలుకి తీసుకున్నాయన మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు.

"రండి మేడమ్, రండి. ఏ రకం కావాలి? చిన్నరసాలు ఇప్పుడే దించాం."

"కాయల కోసం కాదండీ" అంటే నమ్మలేదు. ఆఫీసు మనుషులు మామిడి తోటకి ఇంకెందుకు వస్తారు? అతని తప్పు లేదు.

పెద్దావిడ ఒక చెట్టు కింద గోనె పట్టా మీద కూర్చుని గుడ్డతో కాయల మీద సొన తుడుస్తోంది. ఆ వయసులో కూర్చుని చేసే పని అదొక్కటే ఇచ్చేవారట. నన్ను చూసి మొహం విప్పారింది. కూతుర్ని పిలిచింది. నేను ఆమె ఎదురుగా కింద కూర్చున్నాను.

"అమ్మా, నేను మీకు ఇచ్చిన కాగితం తప్పు" అన్నాను. ఎన్నో రకాలుగా మొదలుపెట్టాలని అనుకుని వెళ్ళాను. చివరికి అదొక్కటే వచ్చింది.

ఆమె చేతిలో గుడ్డ ఆగింది. నేను మరక సంగతి, పేజీ సంగతి, అన్నీ చెప్పాను. తప్పు నాదేనని చెప్పాను. కూతురి మొహం మాడిపోయింది. తల్లి మాత్రం వేరే ఏదో ఆలోచిస్తున్నట్టు చూసింది.

"ఎనిమిదేళ్ళ పిల్లా?"

"అవునమ్మా."

"దాని పేరు కూడా మా అమ్మ పేరేనా?"

"అదేనమ్మా."

"చెల్లెలు కూడా పోయిందా?"

"రెండు రోజులకి. ఐదేళ్ళ పిల్ల."

చేతిలో గుడ్డ ఒళ్ళో పెట్టుకుంది. తరవాత తనలో తను అనుకుంటున్నట్టు అంది. "రెండేళ్ళు ఆ పిల్లకి చీర పెట్టానా నేను. ఆరు గజాలది. అంత చీర ఏం చేసుకుద్ది అది?"

అప్పుడు కూతురు అడిగింది. "మరి మా అమ్మమ్మ ఏమయినట్టండీ?"

సంచిలో నుంచి స్టేట్‌మెంట్ నకలు తీసి చదివాను. సగం పేజీ చదవడానికి ఎంతసేపు పడుతుంది? ఎర్ర సిరా సంగతి కూడా చెప్పాను. పెద్దావిడ చివరిదాకా విని, ఒక్కటే అడిగింది.

"నా వయసెంతని చెప్పిందన్నారు?"

"ముప్పై నాలుగు."

"సరిగ్గా చెప్పిందా?"

"సరిగ్గా చెప్పిందమ్మా. నేను లెక్క చూశాను."

ఆమె పక్కనున్న కాయ తీసుకుని తుడవడం మొదలుపెట్టింది. తొడిమ దగ్గర సొన ఎండిపోయి ఉంది. గట్టిగా రుద్దింది. "ఏడాది తప్పకుండా లెక్కెట్టుకుంది. దారే తెలవలేదా? ఇస్సన్నపేట ఎంత దూరమని? అప్పటికి బస్సులు కూడా పడ్డయ్యి. పొద్దున ఎక్కితే మజ్జానానికి రావొచ్చు."

"వస్తే మీ నాయనమ్మ కొట్టి తరిమిందేమోనే" అంది కూతురు. "ఆమె సంగతి తెలుసుగా."

"అది ఈ కాయితంలో ఉందా?" అని తల్లి నన్ను అడిగింది.

"లేదమ్మా."

"లేనిది చెప్పమాకు" అంది కూతురితో.

పై చెట్టు మీద నుంచి ఎవరో ట్రే తెమ్మని కేకేశారు. కూతురు లేవలేదు. కాసేపటికి మెల్లగా, "వీధిలో వాళ్ళకి ఏం చెప్తావే ఇప్పుడు?" అంది.

"సచ్చిపోలేదంట, బతికే ఉందంట, రాలేదంట అని చెప్తా. ఇంకేం అంటారు? అనాల్సినయ్యి అన్నారుగా."

లామినేషన్ చేయించిన కాగితం గోడకి కట్టి ఉందట. దాన్ని తిరిగి ఇచ్చేస్తే రద్దు చేసి సరైన నకలు ఇస్తానన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"అది ఆ పిల్లదేగా. ఉండనీయండి. వయసు మాత్రం దిద్దియ్యండి."

నకలు మీద దిద్దకూడదని, కొత్తది రాసిస్తానని చెప్పాను. సరేనంది. మేం లేచాం. నేను దణ్ణం పెడితే ఆమె తిరిగి పెట్టలేదు, కాయ తుడుస్తూనే ఉంది. కౌలుదారు ఒక ట్రే నిండా చిన్నరసాలు మోపెడ్ దగ్గర పెట్టించాడు. నేను వద్దన్నాను. అటెండరు ఆ ట్రే వైపు చూసి, నా వైపు చూసి, బండి స్టార్ట్ చేశాడు. ఆఫీసుకి వచ్చేదాకా ఒక్క మాటే అన్నాడు. "నాలుగు తీసుకోవాల్సింది మేడమ్. ఆయన బాధపడతాడు."

మర్నాడు తప్పు ఒప్పుకుంటూ నోటు పెట్టాను. భయపడ్డ మెమో రాలేదు. "సరిచేయడమైనది" అని రాసి ఫైలు మూసేశారు. ఆ నోటుని ఎవరూ చదివినట్టు కూడా లేరు. వయసు ఎనిమిది అని రాసిన కొత్త నకలు కూతురు వచ్చి తీసుకెళ్ళింది. పెద్దావిడ రాలేదు. మూడు నెలలకి నాకు శాలువా కప్పి పంపించారు. ఆ ఫోటోలో దగ్గుతూ ఉన్నాను.

రికార్డు రూములో చేరబోయే పిల్లలకి చెప్పదలచుకున్నది పెద్దగా లేదు. అంటుకున్న పేజీ ఉంటే విడదీయండి, టైము పట్టినా సరే. ఎదురుగా కూర్చున్న మనిషి చెప్పే మాటని కూడా ఒక రికార్డులాగే రాసుకోండి. ఎవరినైనా సంతోషపెట్టాలని కాగితం వెతకకండి. నేను చేసిన పనికి ఆవిడకి మేలు జరిగిందా, కీడు జరిగిందా అని చాలామంది అడిగారు. నాకు తెలియదు. వెళ్ళి చెప్పిన రోజు ఆవిడ నన్ను క్షమించిందో లేదో కూడా తెలియదు. ఆ మాట మా మధ్య రాలేదు.

నేను రిటైరయ్యాక వచ్చిన మొదటి ఉగాది మర్నాడు కూతురు ఫోన్ చేసింది. నేను ఎలా ఉన్నానో అడిగింది, దగ్గుకి ఏదో కషాయం చెప్పింది. తరవాత అసలు సంగతి చెప్పింది.

"ఈ ఏడు అమ్మ పావడా జాకెట్లు కుట్టించిందండీ. రెండు జతలు. పెద్ద పిల్లకొకటి, చెల్లెలికొకటి. కొలతలు తెలవవుగా, మా వీధిలో ఆ ఈడు పిల్లలిద్దర్ని టైలరు కాడికి తీసుకెళ్ళి కొలిపించింది."

"మంచి పని చేసింది" అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను. "మరి మీ అమ్మమ్మకి?"

"ఏం పెట్టలేదండీ. ఏందే అంటే, రమ్మను, వచ్చి అడిగితే పెడతా అంది."

ఫోనులో అవతల గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపించింది. కూతురు గొంతు తగ్గించింది, తల్లి పక్క గదిలో ఉన్నట్టుంది.

"ఆకులు మాత్రం మూడేసింది అమ్మగారూ. రెండాకుల్లో వడ్డించింది. మూడోదాంట్లో ఏం వడ్డించలా. పోనీ తీసేద్దామంటే, తియ్యనియ్యలా."